ఎల్‌సీ తిరిగొచ్చేదాకా
(రణస్థలం మండలంలో ఒక హైస్కూల్లో జాతీయ భద్రతా దినోత్సవం నాడు రిటైర్డ్ సబ్‌స్టేషన్ ఆపరేటర్ ప్రసంగ పాఠం)

హెడ్మాస్టారు గారికి, టీచర్లకు, పిల్లలకు, వెనక నిలబడ్డ కొవ్వాడ పెద్దలకు నమస్కారం. మార్చి 4 కదా, హెల్మెట్ గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. పెట్టుకోండి. అయిపోయింది.

2018 అక్టోబరు, తిత్లీ తుపాను. మా లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని స్తంభమెక్కాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, పిల్లలూ. సప్లై ఆపాను, ఎక్కొచ్చని నేనిచ్చే మాట. అతను దిగి దాన్ని తిరిగిచ్చేదాకా నేను బ్రేకర్, అంటే లైనుకు కరెంటు వదిలే స్విచ్, ముట్టుకోకూడదు. సెల్ టవర్లు పడిపోయాయి. సబ్‌స్టేషన్ వైర్‌లెస్ సెట్టులో మాత్రం పైఆఫీసరు గొంతు. "ఆసుపత్రి చీకట్లో ఉందయ్యా, లైన్ ఛార్జ్ చేసేయ్, కరెంటు వదిలేయ్." అదీ నిజమే. "అతను దిగలేదు సార్." "దిగే ఉంటాడులే!"

ఆ 'లే' ఇంకా నా చెవిలో ఉంది. నా బదిలీ, నా ఇంక్రిమెంటు ఆయన చేతిలో. నా చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది కూడా. అంతలో హెల్పరు సైకిల్ మీద వచ్చాడు. "ఇంకో జంపర్ తీగ కలపాల్సి ఉందట, అరగంట ఆగమన్నాడు." పైనే ఉన్నాడు మనిషి! ఆలస్యానికి నాకు మెమో వచ్చింది. జవాబు నాలుగు లైన్లు రాశాను, చదవమంటారా? వద్దా? సరే.

మీ కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కట్టాలని ప్లాను. అక్కడ 'ఆగండి' అనాల్సింది అణుశక్తి నియంత్రణ మండలి. 1983లో పెట్టారు. అప్పట్నుంచీ అది జవాబు చెబుతూ వచ్చింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ చైర్మనే అణుశక్తి శాఖ కార్యదర్శి. రియాక్టర్లు నడిపే కార్పొరేషనూ ఆ శాఖదే. అర్థమైందా, సెట్టులో మాట్లాడిన సారు ఇక్కడెవరో? 2012లో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా మండలికి స్వతంత్రత లేదంది. మండలి స్థానంలో కొత్త సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభతోపాటే మురిగిపోయింది. 2025 డిసెంబరులో 'శాంతి' అనే కొత్త అణుశక్తి చట్టం మండలికి చట్టబద్ధత ఇచ్చింది. మంచిదే. అదే చట్టం ప్రైవేటు కంపెనీలకూ తలుపు తీసింది. ఇక తొందరపెట్టే సార్లు ఇంకా పెరుగుతారు.

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలొచ్చాయి, కేబుళ్ళు కాలి ప్లాంటు 17 గంటలు చీకట్లో ఉంది. టార్చిలైట్లతో పైకెక్కి రియాక్టర్లోకి అణుచర్యను ఆపే బోరాన్ వదిలింది ఆపరేటర్లే. మావాళ్ళు!

బాబాయ్, వెళ్ళిపోకండి. సర్వేకొచ్చినవాళ్ళు ఇల్లెంత, చెట్టెంత అనే రాసుకుంటారు. మీరు ఇదొక్కటి అడగండి: రియాక్టర్ తనిఖీకొచ్చే ఆయన్ని బదిలీ చేసేదెవరు? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఫోన్లో చెబుతామంటే ఒప్పుకోవద్దు.