రెండు గదుల సమాధి

శ్రోతలకు నమస్కారం.

మన ఊళ్ల పక్క గుట్టల మీద పెద్ద బండలతో కట్టిన పాత సమాధుల్ని రాక్షసగుళ్లు అంటాం కదా. అవి ఇనుము వాడకం వచ్చాక కట్టినవి. ఇప్పుడు చెప్పబోయేది వాటికంటే రెండువేల ఏళ్లకు పైగా పాతది. ఇనుమే కాదు, కంచు కూడా ఎరగని రైతులు ఇంగ్లండులో, గ్లాస్టర్‌షైర్‌లోని హేజల్టన్ దగ్గర కట్టుకున్న రాతిదిబ్బ. కాలం క్రీ.పూ. 3700-3600.

ఏటేటా నాగలి దాన్ని కోసేస్తుంటే, 1979 నుంచి 1982 దాకా పురావస్తు శాస్త్రవేత్త అలన్ సావిల్ బృందం దాన్ని పూర్తిగా తవ్వింది. అడుగున దున్నిన మట్టి, పొయ్యి, గింజలు నూరే రాళ్లు బయటపడ్డాయి. అంటే పంట పండిన నేలమీదే సమాధి లేచింది. దిబ్బకు రెండు పక్కలా గుంటలు తవ్వి సున్నపురాయి తీశారు. అడుసు, సున్నం వాడకుండా రాయిమీద రాయి పేర్చి అరలు కట్టారు, లోపల రాళ్లు నింపారు. మధ్యలో రెండు గదులు. ఒకదాని దారి ఉత్తరం నుంచి, రెండోదాని దారి దక్షిణం నుంచి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లడానికి లేదు.

శవాన్ని మట్టిలో పూడ్చేవారు కాదు. ఇరుకు దారిలోంచి లోపలికి చేర్చి పడుకోబెట్టేవారు. తర్వాతి శవం వచ్చినప్పుడు పాత ఎముకల్ని పక్కకు జరిపేవారు. అందుకే అన్నీ కలగలిసిపోయాయి. ఆమ్లం ఎక్కువున్న నేలలో ఎముక కరిగిపోతుంది. ఇక్కడ సున్నపురాయి కాపాడింది.

ఆ ఎముకలు, పళ్ల నుంచి తీసిన డీఎన్‌ఏ ఫలితాలు 2021 డిసెంబరులో వెలువడ్డాయి. పరీక్షించిన 35 మందిలో 27 మంది ఒకే వంశం, ఐదు తరాలు. మూలపురుషుడు ఒక్కడు, అతని పిల్లల తల్లులు నలుగురు. వంశం తండ్రి వైపు నుంచే సాగింది, కానీ ఎవరు ఏ గదిలోకి వెళ్లాలన్నది తల్లిని బట్టి ఉంది. ఇద్దరు తల్లుల సంతతి ఉత్తరం గదిలో, మిగతా ఇద్దరిది దక్షిణం గదిలో. ఈ కట్టడంలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే.

కొన్నాళ్లకు ఉత్తరపు దారి గోడ కూలింది. లోపలికి పోయే వీల్లేదు. మిగిలిన గుమ్మం దగ్గరే ఒక మగమనిషిని ఉంచారు, పక్కన చెకుముకి రాయి, దాన్ని కొట్టే సుత్తిరాయి పెట్టి. ఉత్తరం గదికి చెందిన శాఖవాళ్లలో కొందరిని దక్షిణం గదికే తీసుకెళ్లారు.

వంశంలో పుట్టిన ఆడపిల్లల్లో చిన్ననాడే పోయిన ఇద్దరు ఇక్కడున్నారు. పెరిగి పెద్దయిన కూతురు ఒక్కరూ లేరు. బహుశా అత్తవారి వైపు సమాధులకు చేరి ఉంటారు. కానీ ఈ ఇంటికి వచ్చిన కోడళ్లకు వేరే మగవాళ్ల వల్ల పుట్టిన కొడుకులు మాత్రం ఉన్నారు, తల్లులతో పాటు ఇక్కడే.