టీడీఎస్ మీటరు చెప్పేదెంత, మనం వినేదెంత

అందరికీ నమస్కారం.

ఆర్‌ఓ మిషన్ అమ్మడానికి ఇంటికొచ్చే మనిషి సంచిలో సాధారణంగా మూడు వస్తువులుంటాయి. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని, అంటే టీడీఎస్‌ను, అంకెగా చూపే పెన్నులాంటి టీడీఎస్ మీటరు, నాలుగు కడ్డీలున్న చిన్న కరెంటు పెట్టె, చుక్కల మందు సీసా. మూడూ అసలైన పనిముట్లే, వాటిలో మోసమేమీ లేదు. పక్కన నిలబడి ఆయన చెప్పే వ్యాఖ్యానంతోనే పేచీ. ఈ సాయంత్రం ఆ వ్యాఖ్యానాన్ని పక్కనపెట్టి, పనిముట్లు నిజంగా ఏం చూపిస్తున్నాయో చూద్దాం.

ముందు కరెంటు పెట్టె. అందరినీ బెదరగొట్టేది అదే. బల్ల మీద రెండు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు. పెట్టెకున్న నాలుగు కడ్డీల్లో రెండు ఇనుపవి, రెండు అల్యూమినియంవి. ఒక్కో గ్లాసులో ఒక ఇనుప కడ్డీ, ఒక అల్యూమినియం కడ్డీ మునుగుతాయి. స్విచ్చి వేసిన నిమిషానికి కుళాయి నీళ్లలో ముందు ఆకుపచ్చ ఛాయ, తర్వాత తుప్పు రంగు, ఆపైన అట్టలు కట్టిన మడ్డి. ఆర్‌ఓ గ్లాసు తేటగా అలాగే ఉంటుంది. "ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇదే మేడమ్" అని ఆయన ఒక్క మాట అంటాడు. ఇక బేరం పూర్తయినట్టే.

ఆ మడ్డి నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. కరెంటు పారినప్పుడు ఒక ఇనుప కడ్డీ కరిగి నీళ్లలోకి ఇనుము వదులుతుంది. అది నీటితోనూ గాలిలోని ఆక్సిజన్‌తోనూ కలిసి తుప్పవుతుంది. లెక్క చూడండి. 0.1 ఆంపియర్ కరెంటు రెండు నిమిషాలు పారితే సుమారు 3.5 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో అంటే లీటరుకు 17 మిల్లీగ్రాములు. నీళ్లు గోధుమ రంగులోకి తిరగడానికి అది బోలెడు. మరి ఆర్‌ఓ గ్లాసు ఎందుకు మారలేదు? అందులో లవణాలు లేవు కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, కరెంటు పారకపోతే కడ్డీ కరగదు. అంతే సంగతి.

తేల్చుకోవడం సులువు. స్విచ్చి తీసేసి, ప్లగ్గు పీకి, ఆ తేట ఆర్‌ఓ గ్లాసులో నాలుగు ఉప్పు రవ్వలు వేసి కలపమనండి. మళ్లీ స్విచ్చి వేయమనండి. అది కుళాయి నీళ్లకంటే ముందే తుప్పు రంగుకు తిరుగుతుంది. వంటింటి ఉప్పు విషం కాదు కదా. ఇనుప కడ్డీల బదులు పెన్సిల్ ములుకు లాంటి గ్రాఫైట్ కడ్డీలు పెట్టినా ఈ తుప్పు మడ్డి రాదు. ఒక హెచ్చరిక: ఆ పెట్టె తిన్నగా 230 వోల్టుల మీద నడుస్తుంది. స్విచ్చి వేసి ఉన్నప్పుడు గ్లాసులో వేలు పెట్టినా, చెంచాతో కలిపినా షాకు కొడుతుంది. ఇంట్లో పిల్లలతో చేయించే ప్రయోగం కాదిది.

విడ్డూరం ఏమిటంటే, ఇలా లోహపు కడ్డీలు కరిగించి నీళ్లలోని మురికిని అట్టకట్టించి వేరుచేయడం మురుగునీటి శుద్ధిలో వాడే పద్ధతే. శుద్ధి చేసే పద్ధతిని చూపించి భయపెడుతున్నారన్నమాట.

రెండోది చుక్కల మందు. కుళాయి నీళ్లలో రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు, ఆర్‌ఓ నీళ్లలో వేస్తే రంగు మారదు. ఆ మందు ఆర్థోటోలిడిన్, క్లోరిన్‌కు పెట్టే పరీక్ష. పసుపు వచ్చిందంటే మున్సిపాలిటీ కలిపిన క్లోరిన్ మీ కుళాయి దాకా మిగిలి ఉందని అర్థం. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అంటే పసుపు రంగు రావడం మంచి కబురు. రంగు రాకపోతేనే వాటర్ వర్క్స్‌కు ఫోను చేయాలి. ఆర్‌ఓ మిషన్‌లోని కార్బన్ ఫిల్టరు ఆ క్లోరిన్‌ను పీల్చేస్తుంది. ఆ తర్వాత మిషన్ ట్యాంకులో రెండు రోజులు నిల్వ ఉన్న నీళ్లకు కాపలా ఎవరూ ఉండరు. ఊరెళ్లొచ్చాక ట్యాంకులో పాత నీళ్లు పారబోసి, కొత్తగా పట్టుకోవాలి.

ఇక మీటరు. ఎక్కువసేపు మాట్లాడుకోవాల్సింది దీని గురించే, ఎందుకంటే ఆ అంకె ఇప్పుడు ఇంటింటికీ చేరింది. క్యాన్ వాటర్ వేసే కుర్రాడు కూడా "మా దగ్గర టీడీఎస్ 40 సార్" అంటున్నాడు.

మీటరు లోపల రెండు చిన్న మొనలుంటాయి. వాటి మధ్య నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో అది కొలుస్తుంది. ఆ విలువను 0.5కూ 0.7కూ మధ్యనున్న ఏదో ఒక సంఖ్యతో హెచ్చించి, దానికి పీపీఎం, అంటే దాదాపుగా లీటరుకు మిల్లీగ్రాములు, అని పేరు పెట్టి చూపిస్తుంది. కరిగిన పదార్థాన్ని అది తూచదు, అంచనా వేస్తుంది. కరెంటును మోసుకెళ్లని పదార్థం దాని కంటికి ఆనదు. ఆర్‌ఓ నీళ్లలో రెండు చెంచాల పంచదార కలపండి, అంకె దాదాపు కదలదు. పంచదారను కూడా పట్టలేని మీటరు పురుగుమందును పట్టదు, విరేచనాలు పట్టించే సూక్ష్మజీవినీ పట్టదు. ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలి, అంటే మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా, కూడా కనబడకూడదు. మురుగు కలిసిన నీళ్లకు టీడీఎస్ 250 వచ్చినా రావచ్చు, శుభ్రమైన బోరు నీళ్లకు 700 వచ్చినా రావచ్చు. కొబ్బరినీళ్లలో మీటరు ముంచితే అంకె వేలల్లోకి పోతుంది, అయినా మనం రోగికి అవే పట్టిస్తాం.

ప్రమాణంలో ఏముందో చూడండి. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేకపోతే 2000 దాకా అనుమతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు ఆరోగ్యపరమైన హద్దే పెట్టలేదు. 600 లోపు రుచి బాగుంటుందనీ, 1000 దాటితే తాగబుద్ధి కాదనీ మాత్రం చెబుతుంది. మరి 50 ఉంటే అమృతం, 300 ఉంటే విషం అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? అమ్మకం పుస్తకాల్లోంచి. కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు శుద్ధి చేసి ఇచ్చే మన పట్టణాల్లో కుళాయి నీటి టీడీఎస్ మామూలుగా 500 లోపే ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో, 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ మిషన్లను నిషేధించమని కేంద్రానికి చెప్పింది కూడా. అయినా అలాంటి అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకొక ఆర్‌ఓ ఉంటుంది.

దాని ఖర్చు కరెంటు బిల్లులో అంతగా కనబడదు, సంపులో కనబడుతుంది. మామూలు ఇంటి మిషన్ ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్ల దాకా వదిలేస్తుంది. వంటకూ తాగడానికీ రోజుకు 20 లీటర్లు వాడే ఇంట్లో 60 లీటర్లు పైపులో పోతాయి. ఏడాదికి 21,900 లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు, పైన ఇంకాస్త. ఎండాకాలంలో ట్యాంకరు కోసం యాప్‌లో పడిగాపులు పడే కాలనీలు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆ వదిలేసిన నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికో, టాయిలెట్‌కో వాడుకోవచ్చు. అసలు నీటి టీడీఎస్ 800 అయితే వదిలిన నీళ్లది వెయ్యికి కాస్త పైన ఉంటుంది, మొక్కలకు రోజూ అవే పోస్తే కుండీలో ఉప్పు పేరుకుంటుంది.

ఇంత చెప్పాక, ఆర్‌ఓ దండగ అని మాత్రం అనుకోకండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు, నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన బోరు, సముద్రం ఒడ్డున ఉప్పదేరిన బోరు, ఈ మూడు చోట్లా ఇంట్లో పెట్టుకోగల సాధనాల్లో దాన్ని మించింది అరుదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. నల్లగొండ పేరుతోనే ఒక ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. పళ్ల మీద గారలు, వంగిన కాళ్లు, బిగుసుకున్న నడుము చూసిన ప్రాంతాలవాళ్లకు నీటి భయం ఎవరూ నూరిపోయనక్కర్లేదు.

కానీ ఆ ప్రాంతాల్లోనే టీడీఎస్ అంకె ఎక్కువ దగా చేస్తుంది. ఎలాగో చెబుతాను. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5. టీడీఎస్ 700 ఉన్న బోరులో ఫ్లోరైడ్ 1 ఉన్నా 3 ఉన్నా మొత్తం అంకెలో తేడా 2. ఆ మీటరు అంకెలో మామూలుగా వచ్చే తప్పే అంతకంటే ఎక్కువ.

ఇంకా లోతైన చిక్కు మిషన్ లోపలే ఉంది. చాలా ఆర్‌ఓ మిషన్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న స్క్రూ వాల్వు ఉంటుంది. నీళ్లు మరీ చప్పగా ఉన్నాయని కస్టమర్ అంటే, టెక్నీషియన్ దాన్ని కాస్త తిప్పుతాడు. అది తెరుచుకుంటే మెంబ్రేన్, అంటే లవణాలను ఆపే పొర, దాటని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి మంచినీళ్లలో కలుస్తాయి. "ఖనిజాలు కలిపాం" అంటారు. ఇప్పుడు లెక్క. బోరు నీళ్లలో టీడీఎస్ 800, ఫ్లోరైడ్ 3 అనుకోండి. మెంబ్రేన్ దాటాక టీడీఎస్ 80, ఫ్లోరైడ్ 0.3. స్క్రూ తిప్పి 30 శాతం పచ్చి నీళ్లు కలిపితే టీడీఎస్ 296 అవుతుంది. మీటరు చూసి అందరూ సంతోషిస్తారు. ఫ్లోరైడ్ మాత్రం 1.1 అవుతుంది, అంటే హద్దు దాటింది. మిషన్ పెట్టించుకున్నదే ఫ్లోరైడ్ కోసం, అదే ఫ్లోరైడ్‌ను స్క్రూ తిప్పి దొడ్డిదారిన లోపలికి రప్పించుకున్నాం. ఫ్లోరైడ్ బోరున్న ఇంట్లో ఆ స్క్రూ పూర్తిగా మూసే ఉంచాలి. సర్వీసుకు వచ్చినప్పుడల్లా అది మూసి ఉందో లేదో అడిగి చూడాలి.

టీడీఎస్ మీటరుకు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. మెంబ్రేన్ ఆరోగ్యం చూడటానికి. కంట్రోలర్ స్క్రూ మూసి, లోపలికి వెళ్లే నీటి అంకె, మెంబ్రేన్ నుంచి వచ్చే నీటి అంకె రెండూ రాసుకోండి. కొత్త మెంబ్రేన్ 90 శాతం పైనే తగ్గిస్తుంది. నెలకోసారి చూస్తూ పోతే, ఆ తగ్గింపు 80 శాతానికి దిగజారినప్పుడు మార్చే సమయం వచ్చిందని తెలుస్తుంది. ఏడాది కాగానే మార్చాల్సిందే అని పట్టుబట్టే సర్వీసు మనిషికి ఆ కాగితం చూపించండి. స్క్రూ తెరిచి ఉండగా కొలిస్తే ఈ లెక్కకు అర్థమే ఉండదు. బాగున్న మెంబ్రేన్ కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది.

ఆల్కలైన్ నీళ్ల మీద, అంటే మిషన్‌తో క్షారగుణం పెంచిన నీళ్ల మీద, ఎక్కువసేపు వెచ్చించను. లక్ష దాటిన మిషన్లు, గొలుసుకట్టు అమ్మకాలు, క్యాన్సర్ నుంచి షుగర్ దాకా మాటలు. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. కడుపులోని ఆమ్లం పీహెచ్ 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది, గ్లాసెడు క్షారపు నీళ్లను అది చప్పున చల్లార్చేస్తుంది. రక్తం పీహెచ్‌ను ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయి, వంటింటి మిషన్ కాదు.

కిడ్నీ భయం వేరు. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు నిజం, అక్కడి చావులు నిజం. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. అలాంటి చోట శుభ్రమైన నీళ్లు అందించడం ప్రభుత్వం బాధ్యత. కానీ ఉద్దానం పేరు చెప్పి హైదరాబాద్ ఫ్లాటులో కుళాయి నీళ్లకు భయం పుట్టించడం వ్యాపారం. రాళ్ల సంగతంటారా, కిడ్నీలో రాళ్లకు పెద్ద కారణం నీళ్లు తక్కువ తాగడం. ఎండలో పనిచేసేవాళ్లు అది గుర్తుపెట్టుకుంటే చాలు.

మున్సిపల్ కుళాయి ఉన్నవాళ్లకు అసలు ముప్పు లవణం కాదు, క్రిమి. రోజు విడిచి రోజు నీళ్లొదిలే లైన్లలో, నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి పక్కనున్న మురుగు లోపలికి ఊరుతుంది. ఆ తర్వాత మన సంపు, మన ఓవర్‌హెడ్ ట్యాంకు. సంపు మూత బిగుతుగా ఉందా, వానకు వీధి నీళ్లు దిగుతున్నాయా అన్నది ముందు చూసుకోవాలి. కడిగి నింపాక 1000 లీటర్లకు 6, 7 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్, అంటే లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాముల క్లోరిన్. పొడిని మగ్గులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోసి, అరగంట ఆగాలి. మూత తీసి నెలలు గడిచిన పొడిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నమే మిగులుతుంది. తాగే నీళ్లకు అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ మిషనో, ఒక నిమిషం తెర్లడమో సరిపోతుంది. తెర్లిస్తే ఫ్లోరైడ్ పోదని మాత్రం గుర్తుంచుకోండి. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

పరీక్ష ఎలా చేయించాలి? గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో సాధారణ జనం కూడా నమూనా ఇవ్వొచ్చు. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడకం నేర్పించే ఏర్పాటుంది. రసాయన పరీక్షకు లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. క్రిమి పరీక్షకు ల్యాబు ఇచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి. అందులో క్లోరిన్‌ను విరిచే మందు ఉంటుంది కాబట్టి దాన్ని కడగకూడదు. కుళాయి మూతి తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, మూత లోపలివైపు వేలు తగలకుండా పట్టి, పైన కాస్త ఖాళీ వదలాలి. ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లో ల్యాబుకు చేర్చగలిగితే మంచిది.

బోరువాళ్లు ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, ఈ-కోలి అడగండి. కుళాయివాళ్లు మిగులు క్లోరిన్, ఈ-కోలి అడిగితే చాలు. బోరుకు వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించాలి, నీటిమట్టం మారితే అంకెలూ మారతాయి. సీసా మీద తేదీ, టైము, బోరా కుళాయా అన్నది రాయండి. మిషన్ ముందు పట్టిన సీసా, తర్వాత పట్టిన సీసా విడివిడిగా ఇవ్వండి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నాకే మిషన్ ఉంచాలా, మార్చాలా, కొనాలా అన్న మాట.