అడవిపందికి ఏ తూటా?

అందరికీ నమస్కారం. ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2022 సవరణ తర్వాత అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. చేను పాడుచేస్తోందని తేలితే 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో లేకుండా తుపాకీ పేలిస్తే నేరమే. లంకమల, శేషాచలం అంచున శెనిక్కాయ వేసినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కరెంటు తీగలు, నాటుబాంబుల ఊసే వద్దు, వాటికి పందికీ మనిషికీ తేడా తెలీదు.

ఇక తూటా. పెద్ద జంతువు కాబట్టి గట్టి తూటా అనుకోవడమే మొదటి పొరపాటు. ముక్కు దాకా రాగి తొడుగు మూసిన తూటా ఈ పక్క దూరి, ఆ పక్క సన్నటి బెజ్జం చేసుకుని పోతుంది. పంది కంపచెట్లలో పడి ఎప్పటికో చస్తుంది. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే సాఫ్ట్ నోస్ తూటా అయితే లోపల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో చేసింది ఈ రకమే. 1899లో హేగ్‌లో దేశాలు యుద్ధంలో దీన్ని వద్దనుకున్నాయి. ఇక్కడ కావలసింది ఆ గుణమే, ప్రాణం తొందరగా పోవాలి.

విచ్చుకుంటే చాలదు, లోతుకూ పోవాలి. ముదురు మగపందికి భుజం మీద తోలు కింద గట్టి పొర కవచంలా ఉంటుంది. తేలిక తూటా వేగంగా తగిలి అక్కడే చిట్లిపోవచ్చు. .315 రైఫిల్‌కు 244 గ్రెయిన్ల సాఫ్ట్ నోస్, అంటే దాదాపు 16 గ్రాములు, సరిపోతుంది. .30-06 రైఫిల్ ఉంటే 150 కన్నా 180 గ్రెయిన్లది మేలు. వ్యాసం అదే, బరువు ఎక్కువ, కాబట్టి తూటా పొడుగు, పోయే లోతూ ఎక్కువే. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం దొరికితే ఇంకా మంచిది, దగ్గర్నుంచి కొట్టినా ముక్కలు కాదు.

మనలో చాలామంది దగ్గర ఉండేది 12 బోరు గుళ్ల తుపాకే. దాంట్లో వేసే ఎల్‌జీ అనే పెద్ద సీసపు గుళ్లు ఔన్సుకు ఆరు, ఒక్కోటి ఐదు గ్రాముల లోపే. గుండ్రటివి, వేగం తొందరగా పోతుంది. 25 మీటర్లు దాటితే చెదిరి, ఒకటో రెండో తగిలి పందిని గాయపరిచి వదులుతాయి. గుళ్లకు బదులు ఒకటే పెద్ద గుండు, అంటే ఒంటిగుండు వేసేముందు గొట్టం మూతి చూడండి. ఫుల్ చోక్, అంటే మూతి దగ్గర బాగా ఇరుకైన గొట్టంలో బోరు నిండే సీసపు గుండు వేస్తే మూతి ఉబ్బిపోతుంది.

గురి విషయం. పంది గుండెకాయ మనం అనుకునేదానికన్నా కిందుంటుంది. మెడమీది జూలు చూసి పైకి కొడతారు, తూటా వెన్ను రాసుకుపోతుంది. ముందుకాలి వెనక గీత పట్టుకుని, ఛాతీ అడుగు నుంచి మూడో వంతు ఎత్తున గురి పెట్టాలి. మంచె మీద నుంచి కిందికి కొడితే తప్పిన తూటాను నేల మింగుతుంది. గట్టున నాపరాయి ఉందా? అటువైపు కొట్టొద్దు, తూటా ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం.

దెబ్బ తగిలాక వెంటపడొద్దు. లేత ఎరుపు నురగ కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టు, అరగంట ఆగితే చాలు. నెత్తురు నల్లగా, పేడ వాసనతో ఉంటే పేగులకు తగిలింది, ఇంకా చాలాసేపు ఆగాలి. పడిన పంది 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానిది. మాంసం పంచుకోకుండా అటవీశాఖకు కబురు పెట్టండి.