లారీ ఎక్కే ముందు ఓనర్‌ని ఏం అడగాలి?

నమస్తే అన్నా, నమస్తే తమ్ముళ్లూ. కొత్తగా హెవీ లైసెన్సు తీసుకున్నవాళ్లు, ఒక ఓనర్ దగ్గర మానేసి ఇంకో చోట చేరదామని చూస్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, ఏ ట్రాన్స్‌పోర్టులో చేరితే బాగుంటుంది అని. పేర్లు నేను చెప్పను. ఒకే ట్రాన్స్‌పోర్టులో ఒక బ్రాంచి బాగుంటుంది, ఇంకోటి బాగుండదు, మేనేజర్ మారితే మొత్తం లెక్కే మారిపోతుంది. అందుకే ఏం అడగాలో చెప్తాను, మీ ఊళ్లో మీరే తేల్చుకోవచ్చు. నేను మాట్లాడేది మన రెండు రాష్ట్రాల్లో, ఇటు చెన్నై, అటు బెంగళూరు వరకు తిరిగే లైన్ బండ్ల గురించి. కలకత్తా, అస్సాం వెళ్లే చేపల లోడ్ల సంగతి వేరు, దాన్ని ఇందులో కలపను.

అందరం మొదట అడిగేది జీతం ఎంత, బత్తా (ట్రిప్పు మీద చేతికిచ్చే ఖర్చు డబ్బు) ఎంత అని. అడగాల్సిందే. కానీ దాంతో పాటే "ఏ ఏ వాటికి కోస్తారు?" అని అడగండి. నేను అడగలేదు. పది టైర్ల బండి, జీతం బాగానే చెప్పారు, సంతోషంగా ఎక్కాను. ఒంగోలు దాటాక వెనక లోపలి టైరు పేలింది. అది రీబటన్ చేయించిన, అంటే పైన మళ్లీ రబ్బరు వేయించిన పాత టైరు, నేను ఎక్కేటప్పటికే అరిగిపోయి ఉంది. నెలాఖరులో లెక్కకి కూర్చుంటే టైరు డబ్బులో సగం నా మీద రాశారు, దానికి డీజిల్ షార్టేజీ, రెండు బస్తాలు తక్కువ వచ్చాయని ఇంకొంత, అన్నీ పోగా చేతిలో నాలుగు వేలు పెట్టారు. పాపకి స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది. ఆ రోజు లారీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేయడానికి ధైర్యం రాలేదు నాకు. ఈ వీడియో చేస్తున్నది కూడా అందుకే.

కాబట్టి విడివిడిగా అడగండి. టైరు పేలితే ఎవరిది? బస్తాలు తగ్గితే ఎవరిది? వానలో బియ్యమో సిమెంటో తడిస్తే ఎవరిది? సరుకు మీద కప్పే పట్టా కొత్తదా, చిరుగులు పడిందా అని బండి దగ్గరికి వెళ్లి మీరే విప్పి చూడండి, ఎందుకంటే చిరిగిన పట్టా ఇచ్చి సరుకు తడిస్తే డ్రైవర్‌నే అడిగేవాళ్లు ఉన్నారు. క్లీనర్ ఉంటాడా, లేక పట్టా కట్టేది, తాళ్లు బిగించేది కూడా మీరేనా? మీరే అయితే దానికి బత్తాలో ఎంత కలుపుతారు?

ఇప్పుడు డీజిల్. ఇక్కడ కాస్త నిదానంగా వినండి. చాలా చోట్ల ఓనర్ ఒక మైలేజీ ఖాయం చేస్తాడు, అంతకంటే ఎక్కువ తాగితే మీ బత్తాలో కోస్తాడు. విజయవాడ నుంచి చెన్నై పోను రాను సుమారు 900 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి నాలుగున్నర రావాలని ఓనర్ చెప్పాడు, అంటే 200 లీటర్లు. మీకు నాలుగే వచ్చింది, 225 లీటర్లు అయింది. 25 లీటర్లు తేడా, లీటరు 97 లెక్కన వేసుకుంటే 2,425 రూపాయలు. ఒక్క ట్రిప్పుకి! ఆ ట్రిప్పు బత్తా ఎంతో చూసుకోండి, ఏం మిగులుతుంది? మరి ఆ నాలుగున్నర ఎక్కడి నుంచి వచ్చింది? అది లోడు మీదా, ఖాళీ మీదా? లోడుతో వెళ్లి లోడుతో తిరిగొచ్చే బండికి, ఖాళీగా వచ్చే బండికి ఒకే లెక్క వేస్తే ఎలా కుదురుతుంది? పోర్టు లైన్లో రాత్రంతా అడుగు అడుగు జరుపుతూ ఇంజన్ ఆన్‌లో ఉంటే ఆ డీజిల్ ఎవరి ఖాతాలోకి? ఇవి అడగండి, ఇంకో మాట కూడా అడగండి: "ఈ బండి పోయిన నెల ట్రిప్ షీట్లు ఒకసారి చూపిస్తారా?" పాత డ్రైవర్‌కి ఎంత మైలేజీ వచ్చిందో దాంట్లో ఉంటుంది. మంచి ఓనర్ చూపిస్తాడు. బీఎస్ 6 బండి (కొత్త పొల్యూషన్ రూల్‌తో వచ్చినది) అయితే, పొగ శుభ్రం కావడానికి విడిగా పోసే యూరియా ద్రవం ఎవరు పోయిస్తారో, దానికి డబ్బు ముందే ఇస్తారో లేదో కూడా తేల్చుకోండి.

టోల్ ఇప్పుడు ఫాస్టాగ్‌లో పోతుంది, దాంతో పెద్ద గొడవ లేదు, బ్యాలెన్స్ అయిపోయి టోల్ గేటు దగ్గర ఆగితే రాత్రి పన్నెండు గంటలకి ఫోన్ ఎత్తేది ఎవరో అడిగి పెట్టుకోండి చాలు.

ఓవర్ లోడ్ విషయం మాత్రం గట్టిగా మాట్లాడాలి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఓవర్ లోడ్‌కి 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2,000 అని చట్టంలో ఉంది, ఎక్కువైన సరుకు దింపే ఖర్చు అదనం. కాటా, అంటే బండి తూకం, వేయించుకోకుండా పారిపోతే 40,000. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఓవర్ లోడ్‌తో పట్టుబడితే, నడిపేది ఓనర్ కాకపోతే, ఓనర్‌కి తెలిసే జరిగిందని కోర్టు అనుకోవచ్చని చట్టంలోనే ఉంది. అందుకే "లోడు ఎక్కువైతే నేను కాటా చీటీ చూసి వద్దని చెప్పొచ్చా?" అని సూటిగా అడగండి. "అవన్నీ మేము చూసుకుంటాం లే" అంటే, రోడ్డు మీద ఆపినప్పుడు బండిలో ఉండేది మీరే కదా అన్నా, వాళ్లు కాదు. బ్రేకులు పడక జరగరానిది జరిగితే ఆ సీట్లో ఉండేదీ మీరే.

కాగితాలు. ఓనర్ మాట మీద నమ్మొద్దు, ఫోన్ తీయండి. ఎంపరివాహన్ యాప్ ఉంది కదా, ఇదిగో స్క్రీన్ మీద చూపిస్తున్నాను, బండి నంబరు కొట్టండి. ఫిట్‌నెస్ ఎప్పటివరకు, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు, పొల్యూషన్ ఎప్పటివరకు, తేదీలన్నీ వస్తాయి. కొత్త లారీకి ఎనిమిదేళ్లు వచ్చేవరకు ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాది చేయించాలి. అలాగే ఈ-చలాన్ సైట్లో అదే నంబరు కొట్టి పాత చలాన్లు ఎన్ని పడి ఉన్నాయో చూడండి. ఓవర్ లోడ్‌వే వరసగా కనిపిస్తే ఆ ఆఫీసు పద్ధతి ఏమిటో మీకు అర్థమైపోతుంది. ఇన్సూరెన్స్ లేని బండి నడిపితే ఓనర్ మీదే కాదు, నడిపినవాడి మీద కూడా కేసు ఉంటుంది, మర్చిపోకండి.

ఇన్సూరెన్స్ ఉందని తేలాక ఆగిపోవద్దు, పాలసీ కాగితం అడిగి ప్రీమియం లెక్క ఉన్న పేజీ చూడండి. అక్కడ "లీగల్ లయబిలిటీ టు పెయిడ్ డ్రైవర్" అని ఒక లైను ఉంటుంది, పక్కన 50 రూపాయలు అని ఉంటుంది. జీతానికి నడిపే డ్రైవర్‌కి ఏమైనా అయితే పరిహారం విషయంలో పనికొచ్చే లైను అది. దాంట్లోనే ఓనర్ డ్రైవర్ అని 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కనిపిస్తే అది మనది అనుకోవద్దు, అది బండి ఎవరి పేరు మీద ఉందో ఆ ఓనర్‌కి. మనకి విడిగా ప్రమాద బీమా కట్టారా అని అడగాలి. పీఎఫ్, ఈఎస్ఐ కూడా అడగండి, 20 మంది ఉన్న చోట పీఎఫ్, పది మంది ఉండి జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తాయి. ఒకటి రెండు బండ్లున్న చిన్న ఓనర్ దగ్గర ఇవి ఉండవు, అంతమాత్రాన చెడ్డవాడు కాదు, అప్పుడు మన బీమా మనమే కట్టుకోవాలి.

యాక్సిడెంట్ అయితే ఏం చేస్తారు అని అడగడానికి చాలామందికి మొహమాటం, అశుభం మాట్లాడినట్టు ఉంటుందని. అడగండి. 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేశారు, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల లైన్లు మీరూ చూసే ఉంటారు. గుద్ది చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల వరకు జైలు అన్న కొత్త సెక్షన్ వల్ల అది. 2024 జూలై 1న ఐపీసీ బదులు కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, మొదలైనప్పుడు ఆ ఒక్క సెక్షన్‌ని పక్కన పెట్టారు. కానీ దెబ్బ తగిలినవాళ్లకి వైద్యం అందేలా చూడాలని, 24 గంటల్లో పోలీసులకి చెప్పాలని మోటారు వాహనాల చట్టంలో ఎప్పటినుంచో ఉంది. జనం మీద పడతారన్న భయం ఉన్న చోట నేరుగా స్టేషన్‌కి వెళ్లండి. ఓనర్‌ని అడగాల్సింది ఇదీ: స్టేషన్‌కి ఎవరు వస్తారు? లాయర్ ఫీజు, బెయిల్ ఖర్చు ఎవరిది? కేసు నడిచినన్నాళ్లు వాయిదాలకి వెళ్తే ఆ రోజు కూలి ఉంటుందా? నేను లోపల ఉంటే ఇంటికి డబ్బు పంపుతారా? ఈ ప్రశ్నకి ఓనర్ మొహం ఎలా ఉందో చూడండి, నోరు చెప్పేదానికంటే అదే ఎక్కువ చెప్తుంది.

నిద్ర గురించి. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. మన లైన్లో అది ఎక్కడ జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా "సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కించుకుంటే బెంగళూరు ఎన్నింటికి దించాలి?" అని అడగండి. ఆ టైములో టీ తాగడానికి, రెండు గంటలు పడుకోవడానికి చోటు ఉందో లేదో వేళ్ల మీద లెక్క వేసుకోండి. లేకపోతే ఆ లోడు మీకు వద్దు. సిటీలోకి పగలు పెద్ద బండ్లని రానివ్వరు, ఊరి బయట ఆగిన ఆ గంటలు కూడా లెక్కలో కలపాలి. పోర్టులో, మిల్లులో రెండు మూడు రోజులు ఆగితే హాల్టింగ్ డబ్బు లోడు ఇచ్చిన పార్టీ దగ్గర ఓనర్ తీసుకుంటాడు కదా, దాంట్లో డ్రైవర్‌కి రోజుకి ఎంత? చాలా చోట్ల సున్నా. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన లారీలకి కేబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు, కొత్త బండి అయితే అది పని చేస్తోందో, వేయనిస్తారో, ఆ డీజిల్ మైలేజీలో కలుపుతారో అడగండి.

ఇంటికి ఎన్ని రోజులకి పంపుతారు అన్నది ఓనర్‌ని కాదు, అక్కడ నడిపే డ్రైవర్‌ని అడగండి. నా మాట వినండి, ఆఫీసుకి వెళ్లే ముందు రోజు సాయంత్రం వాళ్ల బండ్లు ఆగే పార్కింగ్‌కి వెళ్లండి, ఆటోనగర్ కావచ్చు, ఏదైనా దాబా కావచ్చు. స్టౌ వెలిగించి వండుకునే టైములో డ్రైవర్లు తీరికగా మాట్లాడతారు. "పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది అన్నా? పోయిన పండక్కి ఇంట్లో ఉన్నావా?" ఈ రెండు అడిగితే చాలు. మీరు ఎక్కబోయే బండిని మీకంటే ముందు నడిపినవాడు ఎందుకు దిగాడో కూడా వాళ్లకే తెలుస్తుంది, వీలైతే అతని ఫోన్ నంబరు తీసుకుని మాట్లాడండి.

అన్నీ కుదిరి తాళం చేతికి తీసుకుంటే, బండి కదిలే ముందు చుట్టూ తిరిగి టైర్లు ఒక్కొక్కటీ, స్టెప్నీతో సహా, పట్టా, అద్దాలు, డీజిల్ ముల్లు, కిలోమీటర్ల రీడింగు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి అప్పటికప్పుడే ఓనర్ వాట్సాప్‌కి పంపండి. బత్తా ఎంత, మైలేజీ ఎంత, కోతలు ఏవి అని మాట్లాడుకున్నవి కూడా దాని కిందే తెలుగులో నాలుగు లైన్లు కొట్టి, "ఇదే కదండీ మనం అనుకున్నది" అని పెట్టండి, ఆయన సరే అన్నాక బండి తీయండి. అదే మెసేజ్, ఓనర్ నంబరు, బండి నంబరు ఇంట్లో మీ ఆవిడ ఫోన్‌కి కూడా పంపండి.