కాడి ఎత్తి చూడండి

(తిరుపతిలో రహదారి భద్రత సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, చిత్తూరు, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి ఈ ఎండలో బయలుదేరి వచ్చిన వాహన యజమానులకు, డ్రైవింగ్ స్కూళ్ల నిర్వాహకులకు, వెనుక వరుసల్లో తలలు దాచుకుని కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా సంబోధించడం మర్యాదే గానీ, నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు మర్యాదలకే పోతే మిగిలిన పదిలో నేను చెప్పదలచుకున్నది ఇమడదు.

హెల్మెట్ గురించి, సీటు బెల్టు గురించి, మద్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నేను ఒకే ఒక్క విషయానికి వచ్చాను. అది మామూలు కారు వెనుక ట్రైలర్ తగిలించుకుని లాగడం. మన వైపు దాన్ని ట్రాలీ అని కూడా అంటాం. కారుకు ట్రాలీ తగిలించేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉంటారని కార్యదర్శిగారు నన్ను ముందే అడిగారు. పెళ్లిళ్లకు పాత్రలు మోసే వంటవాళ్లు, జెనరేటర్ అద్దెకిచ్చేవాళ్లు, తోట నుంచి నాలుగు క్రేట్ల కాయలు తెచ్చుకునే చిన్న రైతులు నాకు తెలిసినవారిలోనే కొందరున్నారు. వాళ్లందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని సీసీల ఇంజను ఉండాలి సార్?" అసలు అడగవలసిన ప్రశ్న అది కాదు. లాగే శక్తి ఈ రోజుల్లో చాలా కార్లకు ఉంటుంది. లాగిన దాన్ని ఆపగలమా, లాగుతున్నంతసేపూ అది మన వెనుక తిన్నగా వస్తుందా అన్నవే ప్రశ్నలు. రెండో ప్రశ్నకు జవాబు ఇంజనులో ఉండదు, సామాను సర్దిన తీరులో ఉంటుంది.

ఈ మాట చెప్పే అర్హత నాకు పాఠం చెప్పడం వల్ల రాలేదు, తప్పు చేయడం వల్ల వచ్చింది. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు మెకానిక్స్ బోధించాను. ఇరుసుకు ముందున్న బరువు, వెనుకున్న బరువు, వాటి దూరాల లబ్ధాలు అంటూ నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు గీశానో ఈ హాల్లో ఉన్న నా విద్యార్థులు చెబుతారు. అయినా పదకొండేళ్ల కిందట మా అమ్మాయి సంసారాన్ని బెంగళూరు నుంచి తిరుపతికి తెచ్చేటప్పుడు ఆ లెక్క నాకు గుర్తు రాలేదు.

ట్రైలర్ తెలిసినవారిది. దాన్ని కారుకు తగిలించే కొక్కెం మాత్రం నేను కొత్తగా వేయించాను. వేసిన షాపు పేరు చెప్పను, ఊరి పేరు కూడా చెప్పను. ఆ మేస్త్రీ కొక్కేన్ని చట్రానికి బోల్టులతో బిగించకుండా బంపరు వెనుకనున్న రేకుకు వెల్డింగ్ పెట్టాడు. నేను అది చూశాను, చూసి ఊరుకున్నాను. రక్షణ గొలుసులు కూడా వేయమని అడిగితే అతను నవ్వి, "గొలుసెందుకు సార్, ఇదేమన్నా ఎద్దా, తెంచుకుని పారిపోవడానికి?" అన్నాడు. పక్కనున్నవాళ్లందరూ నవ్వారు. సిగ్గుతో నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బెంగళూరులో సామాను ఎక్కించేటప్పుడు పుస్తకాల పెట్టెలు, బియ్యం బస్తా ముందు వైపు పెట్టారు. పరుపులు మధ్యలో వేశారు. ఇంట్లో నుంచి దించడం కష్టమని చివరిదాకా వదిలేసిన ఫ్రిజ్జు, ఇనుప బీరువా ఆఖరున ట్రైలర్ తోకకు చేరాయి. "ఆఖరున ఎక్కింది ముందుగా దిగుతుంది, సుఖమే కదా" అని నేనే అన్నాను. పలమనేరు దాకా ఏమీ తెలియలేదు. పలమనేరు దాటి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగుతుండగా, ఐదో గేరులో, గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంతో ఉన్నాను. ఒక లారీ మమ్మల్ని దాటింది. పెద్ద బండి పక్కనుంచి దాటేటప్పుడు గాలి మొదట తోస్తుంది, తర్వాత లాగుతుంది. ఆ తోపుకు ట్రైలర్ తోక కొద్దిగా ఎడమకు జరిగింది. తర్వాత కుడికి, మళ్లీ ఎడమకు, ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువగా. "ఏమండీ, వెనకాల ఎవరో మనల్ని పట్టుకుని ఊపుతున్నట్టుంది" అని నా భార్య అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. స్టీరింగు చేతిలో తేలికైపోయింది. అప్పుడు నేను చేయకూడని రెండు పనులూ చేశాను. ఊగుడుకు ఎదురు స్టీరింగు తిప్పాను, బ్రేకు గట్టిగా తొక్కాను.

బ్రేకు కారుకు ఉంది, ట్రైలర్‌కు లేదు. ముందున్నది ఆగబోతుంటే వెనుకనున్న ఆరువందల యాభై కిలోలు దాన్ని పక్కకు నెట్టాయి. రేకుకు పెట్టిన వెల్డింగ్ ఊడింది. గొలుసు లేదు కాబట్టి ట్రైలర్ తన దారిన తాను కొండ వైపు కాలువలోకి పోయింది. కారు రోడ్డు పక్క గోడను రాసుకుంటూ నిలిచింది. దైవం దయ వల్ల వెనుక వచ్చే బండి దూరంగా ఉంది. బీరువా అద్దం ముక్కలు ఆ కాలువలో ఎండకు మెరుస్తూ ఉండటం చూస్తూ నేను నా కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే, విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు.

కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఎడమచేత్తో లెక్క వేశాను. ఇరుసు నుంచి కొక్కేనికి దూరం 2.4 మీటర్లు. బీరువా 90 కిలోలు, ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక. ఫ్రిజ్జు 60 కిలోలు, 0.8 మీటర్ల వెనుక. ఈ రెండూ కలిసి కొక్కెం మీద పడవలసిన బరువులో 65 కిలోలు తీసేశాయి. ఖాళీ ట్రైలర్ ముక్కు, ముందున్న పెట్టెలు కలిసి కొక్కెం మీద మోపినది 55 కిలోలు. అంటే ట్రైలర్ నా కారు వెనుక భాగాన్ని పది కిలోల బలంతో పైకి ఎత్తుతూ వచ్చింది. అదే బీరువాను ఇరుసుకు జానెడు ముందుకు, ఫ్రిజ్జును సరిగ్గా ఇరుసు మీదకు జరిపి ఉంటే కొక్కెం మీద 62 కిలోలు ఉండేవి. సామాను అదే, కారు అదే, రోడ్డు అదే. మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద ఉండాలన్నది తరచుగా చెప్పే లెక్క. ఆ 62 దానికి దగ్గరగానే ఉంది. అయితే మీ కారు పుస్తకంలో కొక్కెం మీద మోయగల బరువు ఇంతేనని తక్కువగా రాసి ఉంటే ఆ మాటే చెల్లుతుంది. అప్పుడు సామానును వెనక్కి జరపకండి, తగ్గించండి. అతిగా ముందుకు మోపినా ప్రమాదమే. కారు వెనుక భాగం కుంగి ముందు చక్రాలు తేలికపడితే స్టీరింగు మాట వినదు.

ఈ లెక్క వేస్తున్నప్పుడు నాకు మా ఊరి పెద్దాయన గుర్తుకొచ్చాడు. మా ఇంట్లో సేద్యం చూసేవాడు; మేము పిల్లలం మామా అని పిలిచేవాళ్లం. సంతకు వేరుశనగ బస్తాలు ఎత్తిన తర్వాత, ఎద్దులను కట్టకముందు, ఆయన కాడిని ఒక చేత్తో పట్టి ఎత్తి చూసేవాడు. కాడి గాలిలోకి తేలికగా లేస్తే ఒక బస్తాను ముందుకు లాగేవాడు. చేతికి మరీ బరువనిపిస్తే ఒక బస్తాను వెనక్కి నెట్టేవాడు. మళ్లీ ఎత్తేవాడు. తృప్తి కలిగేదాకా ఎద్దులకు పలుపు తగిలించేవాడు కాదు. "మెడ మీద కాస్త ఉండాల, మెడ ఇరగకూడదు" అనేవాడు. ఆయన బడి మెట్లెక్కలేదు. నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం ఆయన ప్రతి సంతరోజూ చేత్తో చేశాడు. నేను మాత్రం నా కూతురి సామాను ఎక్కిన రోజున కాడి ఎత్తి చూడలేదు. నేనిక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట కోసమే. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, నాకు కనబడుతోంది. మిగిలినవి వేగంగా చెబుతాను.

గొలుసుల సంగతి మాత్రం వేగంగా చెప్పలేను. రెండు గొలుసులు కావాలి. అవి కొక్కెం కింద ఒకదానికొకటి అడ్డంగా, ఎడమది కుడికి, కుడిది ఎడమకు పోవాలి. అప్పుడు ట్రైలర్ ముక్కు చివరనుండే ఇనుప కప్పు, కొక్కెం మీది బాల్ (ఇనుప గుండు) నుంచి జారినా ఆ ముక్కు నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. మలుపు తిరగడానికి చాలినంత వదులు ఉండాలి, నేలకు రాసుకునేంత వదులు ఉండకూడదు. కప్పు బాల్ మీద కూర్చున్నాక దాని సీల పెట్టి, ట్రైలర్ ముక్కును జాకీతో పైకెత్తి చూడండి. కారు వెనుక భాగం కూడా దానితో పాటు లేస్తే పట్టు పడినట్టు. వెల్డింగ్ షాపుల వాళ్లు ఈ సభలో ఉంటే వారికి చేతులెత్తి మనవి చేస్తున్నాను: గొలుసు అడిగిన మనిషిని చూసి నవ్వకండి. కొక్కేన్ని బంపరుకు పెట్టకండి. కారు చెడిపోతే లాగడానికి కంపెనీ ఇచ్చే చిన్న కొక్కెం ట్రైలర్ కోసం కాదని వచ్చినవాడికి చెప్పండి. అసలు ఆ కారు ట్రైలర్ లాగవచ్చని దాని పుస్తకంలో లేకపోతే పని ఒప్పుకోకండి.

ఊగుడు మొదలైతే ఏం చేయాలో నేను చేసినదానికి వ్యతిరేకంగా గుర్తుపెట్టుకోండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి, స్టీరింగును తిన్నగా పట్టుకోండి, బ్రేకు జోలికి పోకండి, వేగం పెంచి సర్దుదామనుకోకండి. వేగం తగ్గేకొద్దీ ఊగుడు దానంతటదే చస్తుంది. దిగుడులో కాలు తీసినా వేగం తగ్గాలంటే ముందే చిన్న గేరులో ఉండాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల మాటను నేను ఆనాడు పాటించి ఉంటే చాలు. తిరుమల కొండకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. దిగే బండి ఇంత సమయానికి ముందు కిందికి చేరకూడదన్న నియమం ఎందుకు పెట్టారో, బ్రేకు తొక్కుతూ తొక్కుతూ దిగి కాలిన వాసన పీల్చినవారికి వేరే చెప్పనక్కరలేదు. ట్రైలర్ ఉన్నప్పుడు ఆ వేడి ఇంకా త్వరగా వస్తుంది. వేగం గంటకు అరవై నుంచి ఎనభైకి పెరిగితే ఆపవలసిన శక్తి మూడో వంతు కాదు పెరిగేది, ఇంచుమించు రెట్టింపుకు దగ్గరవుతుంది. పైగా ఆ భారమంతా కారు బ్రేకులదే.

చట్టం సంగతి ఒక్క ముక్క. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. లాగుతున్న కారు నంబరు ట్రైలర్ వెనుక కనబడాలి. ట్రైలర్ చాటున కారు వెనుక లైట్లన్నీ దాగిపోతాయి కాబట్టి దానికి సొంత బ్రేకు లైటు, సొంత ఇండికేటర్లు ఉండాలి. టేపు చుట్టిన వైర్లు మొదటి వాన దాకానే. తాడుతో చెడిపోయిన కారును లాగడం వేరే విషయం, కానీ అడుగుతారు గనుక చెబుతున్నాను: 1989 నాటి రహదారి నియమాల్లోనే రెండు బండ్ల మధ్య దూరం ఐదు మీటర్లు మించకూడదని, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదని, వెనుక బండిలో లైసెన్సున్న మనిషి స్టీరింగు పట్టుకోవాలని ఉండేది; 2017లో ఆ నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి.

మలుపుల్లో ట్రైలర్ చక్రాలు కారు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకుపోతాయి; పాత చిత్తూరు సందుల్లో ఆ లోపలి మూలన ఎవరి అరుగో, ఎవరి స్కూటరో ఉంటుంది. వెనక్కి తోలేటప్పుడు చెయ్యి స్టీరింగు అడుగున పెట్టండి. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరిపితే చాలు. తడబడితే ముందుకు పోయి మళ్లీ మొదలుపెట్టండి, అందులో నామోషీ లేదు. ఏడాదికి నాలుగు సార్లు తీసే ట్రైలర్ టైర్లు అరగవు గానీ పక్కల్లో బీటలు తీస్తాయి. బేరింగుల్లో గ్రీజు ఎండిపోతుంది. బయలుదేరిన ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆపి చక్రం నడిమి భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం వేడి రెండోదానికన్నా బాగా ఎక్కువగా ఉంటే అక్కడే ఆగిపోండి.

నా సమయం అయిపోయింది. బయట వేపచెట్టు కింద ఒక చిన్న ట్రైలర్, ఆరు ఇసుక బస్తాలు పెట్టించాను. రేషన్ షాపు నుంచి కాటా కూడా వచ్చింది. ముందు వరుసలోని ఇద్దరు నాతో రండి. మొదట అన్ని బస్తాలూ ఇరుసు మీద పెట్టి ముక్కు ఎత్తి చూద్దాం, తర్వాత రెండు బస్తాలను తోకకు జరిపి మళ్లీ ఎత్తుదాం. కాటా చివరికి చూద్దాం. ముందు మీ చెయ్యి ఎంత చెబుతుందో నాకు వినాలని ఉంది.