ఏ బండికి ఏ పెట్రోల్? – శ్రోతల ప్రశ్నలు, ఇంజనీర్ జవాబులు

యాంకర్: నమస్తే. "నార్మలా, ప్రీమియమా?" అని బంకులో అడగ్గానే ఏం చెప్పాలో తోచనివాళ్ల కోసం ఈరోజు కార్యక్రమం. ఆటోమొబైల్ ఇంజనీర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ ఉప్పల్ నుంచి. చెప్పండి.

కాలర్ (ఉప్పల్): నమస్తే సార్. నాది పన్నెండు వందల సీసీ చిన్న కారు. రోజూ హైటెక్ సిటీ దాకా పోయొస్తా. ఎప్పుడు పోయినా బంకుల పోరడు "ప్రీమియం 95 కొట్టాల్నా అన్నా" అంటడు. కొట్టిస్తే పికప్ పెరుగుతదా?

ఇంజనీర్: ట్యాంకు మూత మీద చిన్న తలుపు ఉంటుంది కదా, దాని లోపలి స్టిక్కర్ చూడండి. అక్కడ లేకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. ఆక్టేన్ అంకె 91 అని ఉంటే 95తో పికప్ రాదు. ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదండీ. పిస్టన్ నొక్కేకొద్దీ పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం వేడెక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ వేశాక మంట అటు చివరికి చేరేలోపు, మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె అది. మీ ఇంజన్ అంతగా నొక్కనప్పుడు ఆ ఓపికకు డబ్బు కట్టడం దండగ. లీటరుకు ఎనిమిది రూపాయల తేడా అనుకుందాం. 35 లీటర్లకు 280. నెలకు మూడు ట్యాంకులైతే 840.

కాలర్: మరి మామూలు దాంట్ల ఎథనాల్ కలుపుతున్నరు కద సార్?

ఇంజనీర్: కలుపుతున్నారు, ఇప్పుడు మామూలు పెట్రోలే ఈ-20, అంటే నూటికి ఇరవై పాళ్లు ఎథనాల్. ఎథనాల్ ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది కాబట్టి కలిపితే అంకె పెరుగుతుందే గానీ తగ్గదు. ఈ-20 ఆక్టేన్ 95 అని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టు వివరణలో చెప్పింది. తగ్గేది మైలేజీ. లీటరు ఎథనాల్‌లో పెట్రోల్ కన్నా మూడో వంతు శక్తి తక్కువ. ప్రీమియం కొట్టించినా ఆ లోటు తీరదు. మీ బండి 2023 ఏప్రిల్‌కు ముందుదైతే ఆక్టేన్ గురించి కాదు, రబ్బరు పైపులూ సీళ్ల గురించి ఆలోచించండి. సర్వీసింగ్‌లో అవి పగిలాయేమో చూపించండి.

యాంకర్: కొంపల్లి నుంచి మేడమ్ లైన్లో ఉన్నారు.

కాలర్ (కొంపల్లి): సార్, మాది టర్బో పెట్రోల్ కారు. స్టిక్కర్ మీద కనీసం 91, 95 అయితే మంచిది అని ఉంది. ఏది పోయించమంటారు?

ఇంజనీర్: 91 పోసినా ఇంజన్ పాడవదమ్మా. సిలిండర్ బ్లాక్‌కు నాక్ సెన్సర్ బిగించి ఉంటుంది. లోపల కొట్టుకునే శబ్దం పట్టుకోగానే కంప్యూటర్ నిప్పురవ్వ వేసే సమయాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది. శబ్దం ఆగుతుంది, దాంతోపాటు పవర్ కొంచెం పోతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఔటర్ మీద వెళ్తుంటే ఆ తేడా తెలుస్తుంది. పొద్దున సిటీ ట్రాఫిక్‌లో తెలియదు. స్టిక్కర్ 95 వరకే అడిగితే, శాఖ చెప్పిన లెక్కన మామూలు ఈ-20 చాలు. 97, 98 అడిగే బండ్లకు మాత్రం ఆ అంకె పాటించాల్సిందే.

యాంకర్: అత్తాపూర్ నుంచి ఒక పెద్దాయన.

కాలర్ (అత్తాపూర్): బిడ్డా, నా కారు 2011ది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కుతుంటే ముందర టిక్కుటిక్కుమని సప్పుడొస్తది. ప్రీమియం కొట్టియ్యమని మెకానిక్ చెప్పిండు.

ఇంజనీర్: బండి ఆగి, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు వస్తుందా పెద్దాయనా?

కాలర్: అప్పుడు రాదు. ఆక్సిలేటర్ తొక్కితేనే.

ఇంజనీర్: అయితే వాల్వుల దగ్గరి టాపెట్ శబ్దం కాకపోవచ్చు, అదైతే ఆగినప్పుడు కూడా వినిపిస్తుంది. ఇది నాకింగే, అంటే మిశ్రమం తనంతట తాను అంటుకుని చేసే చప్పుడు. వదిలేస్తే పిస్టన్ రింగుల గాడుల అంచులు విరుగుతాయి. ఏ గేరులో ఎక్కుతున్నారు?

కాలర్: నాలుగో గేరుల.

ఇంజనీర్: రేపు మూడులో ఎక్కండి, ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే వేగం, రెండు వేల పైన ఉంచండి. శబ్దం పోతే ఖర్చు లేకుండా పని అయిపోయినట్టే. పోకపోతే ముందు కూలెంట్ లెవెల్, ఏసీ వేయగానే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందా, జాలీలో దుమ్ము పేరుకుందా చూడాలి. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పించండి. పింగాణీ తెల్లగా పాలిపోయి బుడిపెలు కనిపిస్తే అవి మితిమీరి వేడెక్కుతున్నట్టు. మాన్యువల్‌లో రాసిన నంబరు ప్లగ్గే వేశారా అడగండి, దుకాణంలో చేతికందింది వేసేస్తుంటారు. పాత ఇంజన్లలో పిస్టన్ మీద కార్బన్ గట్టిపడి చోటు తగ్గుతుంది, నొక్కుడు పెరుగుతుంది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుపోయినా పెట్రోల్ తక్కువై ఇదే గోల.

యాంకర్: పెట్రోల్ మార్చి చూడొద్దా?

ఇంజనీర్: పరీక్షగా ఒక్కసారి. పది లీటర్లు మిగిలినప్పుడు ఇరవై లీటర్లు 100 ఆక్టేన్ పోయించండి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చినదే. మొత్తం కలిసి 98 దాకా వస్తుంది. అప్పటికీ ర్యాంపు మీద శబ్దముంటే తప్పు పెట్రోల్‌ది కాదు. ఆగితే కార్బన్ తీయించండి, ఎల్లకాలం 100 కొట్టిస్తూ కూర్చోకండి. సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్లయితే అసలే వద్దు. మాంగనీసు ఉన్నవి ప్లగ్గుల మీద ఎర్రటి పూత పెడతాయి.

కాలర్ (మియాపూర్): సార్, చిన్న డౌటు. మా అబ్బాయి టెక్సాస్‌లో 87 కొట్టిస్తాడట. మన బండ్ల స్టిక్కర్ల మీద 91. మనదే మంచిదా?

ఇంజనీర్: ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఆక్టేన్‌ను రెండు పద్ధతుల్లో కొలుస్తారు. అమెరికా బంకుల మీద వాటి సగటు రాస్తారు, మనం ఎక్కువ వచ్చే అంకె ఒక్కటే రాస్తాం. అక్కడి 87 ఇక్కడి 91, 92కి సమానం.

యాంకర్: చివరి ఫోన్, మలక్‌పేట.

కాలర్ (మలక్‌పేట): అన్నా, నిన్న వానలో పెట్రోల్ కొట్టించిన. రెండు కిలోమీటర్లు పోయినాక బండి దగ్గి ఆగిపోయింది. ఆక్టేన్ తక్కువున్న పెట్రోల్ పోసిన్రా?

ఇంజనీర్: ఆక్టేన్ తక్కువైతే బండి ఆగదు తమ్ముడూ. నీళ్లు కలిసినట్టున్నాయి. నీళ్లు కొద్దిగా ఉంటే ఎథనాల్ కలుపుకుంటుంది, మించితే రెండూ విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజన్‌కు పెట్రోల్ అందేదేమో అడుగు నుంచి. ఇంక సెల్ఫ్ కొట్టకు, టోయింగ్ చేయించు. ట్యాంకు, లైను ఖాళీ చేయించి ఫిల్టర్ మార్పించు. తీసిన దాంట్లో ఒక లీటరు గాజుసీసాలో పట్టి కదపకుండా పెట్టు. రెండు పొరలు కనిపిస్తే నీళ్లే. ఆ సీసా, బిల్లు తీసుకుని బంకుకు వెళ్లి మేనేజర్‌ను పిలిపించు, ట్యాంకులో నీళ్లు కొలిచి చూపించమను. డెన్సిటీ కూడా అడగొచ్చు గానీ, ఆ అంకెను బట్టి కల్తీని అనుమానించగలం, ఆక్టేన్ తెలియదు.

కాలర్: బిల్లు తీస్కోలే అన్నా.

ఇంజనీర్: ఫోన్‌లో కట్టావా?

కాలర్: ఆ, ఫోన్‌లోనే.

ఇంజనీర్: ఆ మెసేజ్‌లో టైమూ డబ్బూ ఉంటాయి, అది చూపించు.