చివరి పేజీ నుంచి చదవండి

(విజయవాడలో జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ సారు ఫోన్ చేసి, "పిల్లలకు ఈ సెమిస్టర్‌లో మూడు ప్రాజెక్టులున్నాయండీ. మీడియా యాజమాన్యం, మ్యాగజైన్ డిజైన్, సినిమా విశ్లేషణ. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను గానీ ఆ లెక్క పాటించను. మూడూ కలిసిన వస్తువు ఒకటి తెచ్చాను.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు మీలో ఎంతమంది చూశారో తెలియదు. మొన్న ఆదివారం అక్కడ బేరమాడి నూట యాభైకి కొన్న పాత చందమామ ఇది. దుకాణం ఆయన మూడొందలు చెప్పాడు. కవర్ ఒక మూల చెద తినేసింది, అందుకని తగ్గాడు.

దీన్ని చేతికిస్తే మీరు ముందు బొమ్మలు చూస్తారు. నేను పత్రికల్లో వార్తలు దిద్దే డెస్క్‌లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి చివరి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూస్తాను. ఇంప్రింట్ లైన్ అంటాం. ఎవరు అచ్చు వేశారు, ఎవరు ప్రచురించారు, ఎక్కడ, ఎవరి కోసం అన్నది ప్రతి పత్రికా అచ్చువేసి తీరాలి. 1867 నాటి చట్టం నుంచీ ఉన్న రూలు ఇది. పత్రిక ఎవరిదో చెప్పేది అదే.

దానికంటే వివరంగా చెప్పేది ఇంకోటుంది. ఏటా ఫిబ్రవరి నెలాఖరు దాటాక వచ్చే మొదటి సంచికలో యాజమాన్య ప్రకటన వేయడం చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి. డెస్క్‌లో 'ఫారం ఫోర్' అనేవాళ్లం. ఎడిటర్ పేరు, పబ్లిషర్ పేరు, మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు, చిరునామాలు అందులో ఉంటాయి. దాన్ని ఎవరికీ కనపడని పేజీలో, టెండర్ నోటీసుల మధ్య ఇరికించేవాళ్లం. నేనూ ఇరికించాను. మీ ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లో వెతికేముందు లైబ్రరీకెళ్లి మార్చి నెల ఫైళ్లు తీయించండి. వాటాదారు పేరు దగ్గర మనిషి బదులు ఇంకో కంపెనీ పేరు కనిపిస్తుంది చూడండి, అసలు పని అక్కడ మొదలవుతుంది. ఆ కంపెనీ ఎవరిదో, దానికి ఇంకేం వ్యాపారాలున్నాయో తవ్వాలి.

వ్యాపారం అనగానే మొహాలు అలా పెట్టకండి. తెలుగు పత్రిక వ్యాపారం ఒళ్లోనే పెరిగింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి మందు సీసా స్వాతంత్య్రోద్యమ పత్రికను మోసింది. ఈనాడు 1974లో విశాఖలో పుట్టింది. ఆ పత్రిక పెట్టిన రామోజీరావు గారి ఇంట్లోనే చిట్‌ఫండ్, పచ్చళ్లు, సినిమా నిర్మాణం, 1995లో ఈటీవీ, ఆ మరుసటేడు ఫిల్మ్ సిటీ. మన ఊళ్లోనే 1952లో మొదలైన విశాలాంధ్ర, తర్వాత దినపత్రికగా వచ్చిన ప్రజాశక్తి కమ్యూనిస్టు పార్టీలవన్న సంగతి దాచుకోలేదు. నాకది నచ్చుతుంది, ఏ కళ్లజోడు పెట్టుకుని చదవాలో పాఠకుడికి ముందే తెలుస్తుంది. ఆంధ్రజ్యోతి 1960లో ఇదే ఊళ్లో మొదలై, 2000లో మూతపడి, 2002లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ వచ్చింది. పేరు అదే, మనుషులు వేరు. కాబట్టి ఫలానా పత్రిక అని రాసేటప్పుడు ఏ ఏటిదో కూడా రాయండి.

యజమాని రోజూ డెస్క్‌కొచ్చి ఇది వెయ్యి, అది తీసెయ్యి అని చెప్పడు. అది సినిమాల్లో. నేను పనిచేసిన ఒక పత్రికలో ఒక రాత్రి ఒక వెంచర్‌లో ప్లాట్లు కొని మోసపోయినవాళ్ల వార్త పేజీలో పెట్టాను. పదిన్నరకు యాడ్స్ విభాగం నుంచి ఒక కుర్రాడొచ్చి, "సార్, రేపు వాళ్లది జాకెట్ యాడ్" అన్నాడు, అంటే మొదటి పేజీని కప్పేసే ప్రకటన. అంతే, ఇంకో మాట అనలేదు. నేనే వార్త తీసి, ఆ జాగాలో మామిడి ధరల వార్త పెట్టాను. ఎవరూ నన్ను తీయమనలేదు. మీ సర్వేల్లో 'యాజమాన్య ఒత్తిడి ఉందా' అన్న ప్రశ్నకు 'లేదు' అని టిక్ పెట్టేవాణ్ణి నేను.

ఇక డిజైన్. మీరు చేసిన మ్యాగజైన్లు నిన్న చూశాను. ఒక కవర్ చాలా బాగుంది, ఎవరిదో చెప్పను. పెద్ద హెడ్డింగ్‌లో 'రాష్ట్రం' అన్న మాట ఉంది. కింది లైన్ దాని కింద ఎంత దగ్గరగా పెట్టారంటే, ట వత్తు, రావత్తు కలిసి కింది లైన్ గుడిలో గుచ్చుకున్నాయి. ఎందుకలా అయిందని అడిగితే పుస్తకంలో ఉన్న కొలతే పెట్టాం సార్ అన్నారు. ఆ పుస్తకం ఇంగ్లిష్ అక్షరాల కోసం రాసింది. మనకు పైన గుడి, దీర్ఘం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. లైన్ల మధ్య జాగా వాళ్లకంటే ఎక్కువ కావాలి. అన్నీ క్యాపిటల్స్‌లో పెట్టండి అన్న సలహా మనకు పనికిరాదు, మనకు క్యాపిటల్సే లేవు. ఇటాలిక్స్ పెడితే గుండ్రటి అక్షరం జారిపోతున్నట్టుంటుంది. పేరా మొదట్లో ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి మూడు లైన్లు దించుతారు కదా, 'క్రి'తో మొదలయ్యే పేరాకి అది చేసి చూడండి. రావత్తు చుట్టుకుని కింది లైన్లోకి వస్తుంది. ఇంకోటి: 'అను' అనే తెలుగు ఫాంట్లలో చేసిన ఫైలుని ప్రెస్‌కి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. ఫాంట్ లేని సిస్టంలో తెరిచారంటే మీ ఎడిటోరియల్ పిచ్చిగీతలవుతుంది. ఆ టెన్షన్ నేను పడ్డాను, మీకెందుకు.

ఇప్పుడు ఈ చందమామ పేజీ చూడండి. బొమ్మ ఎక్కడుంది, అక్షరాలు ఎక్కడున్నాయి? బొమ్మ జాగా బొమ్మది, కథ జాగా కథది. ఎందుకు? 1947 జులైలో ఇది తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ మొదలైంది. తర్వాత ఇంకా చాలా భాషల్లోకి వెళ్లింది. శంకర్ గారు వేసిన ఆ విక్రమార్కుడు, కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకున్న రాజు, ఏ భాషలో చూసినా ఆయనే. బొమ్మ ఒక్కసారి వేస్తే చాలు, చుట్టూ అక్షరాలు మార్చుకోవచ్చు. అంటే మీరు అందం అనుకుంటున్న ఆ లేఅవుట్ వెనక ఒక ఖర్చు లెక్క కూడా ఉందని నా అభిప్రాయం.

చివరి పేజీకి వస్తే, ఈ పత్రిక అప్పట్లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లది. చక్రపాణిగారిది తెనాలి, ఇక్కడికి పక్కనే. 1952 నుంచి 1980లో పోయేదాకా కథలన్నీ దిద్ది, తీర్చి, రాసింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయనదీ తెనాలే. దయ్యాలూ దేవుళ్లూ లేరనే మనిషి నెలనెలా బేతాళ కథలు నడిపాడు! ఎడిటర్‌గా అచ్చయిన పేరు మాత్రం ఆయనది కాదు. ఇంప్రింట్ లైన్ హక్కు ఎవరిదో చెబుతుంది, చాకిరీ ఎవరిదో చెప్పదు. ప్రాజెక్టులో రెండూ విడివిడిగా రాయండి.

విజయా ప్రొడక్షన్స్ అనే సినిమా సంస్థ పెట్టింది కూడా నాగిరెడ్డి, చక్రపాణి గార్లే. 1957లో వీళ్లు తీసిన మాయాబజార్‌ను మీలో చాలామంది విశ్లేషణకు తీసుకున్నారట. కథంతా రాసి, చివర్లో 'కెమెరా పనితనం అద్భుతం' అని పెట్టారు. కథ మీ అమ్మమ్మకు మీకంటే బాగా తెలుసు. ఒక్క సీను తీసుకోండి.

ప్రియదర్శిని పెట్టె సీను. అందరూ అది ల్యాప్‌టాప్‌లా ఉందని రాస్తారు, అక్కడ ఆగిపోతారు. పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపించాలి. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. రేవతి చూస్తే నగలు. బలరాముడు చూస్తే దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని. మనం నవ్వుకుంటాం. ఈ నవ్వులోనే దర్శకుడు కె.వి.రెడ్డి గారు ఏం చేశారో చూడండి. పెళ్లి గొడవ ఇంకా మొదలవకముందే ఎవరు ఎటు లాగబోతున్నారో చెప్పేశారు. అమ్మాయి మనసు ఎక్కడుంది, తల్లి దేనికి పడిపోతుంది, తండ్రి ఎవరి మాట వింటాడు, అన్నీ అయిపోయాయి. మిగిలిన ముగ్గురూ ఇష్టమైనవి చూస్తుంటే, కృష్ణుడు ఒక్కడే ఆటలో తన ఎదుటివాణ్ణి చూస్తున్నాడు. సినిమా మొత్తం నడిపేది వాళ్లిద్దరే. ఒక్క పెట్టెలో స్క్రీన్‌ప్లే మడతపెట్టి పెట్టారు. ఇంకోటి గమనించారా, పాండవులు ఈ సినిమాలో ఒక్కసారి కూడా కనిపించరు. భారతం కాస్తా మేనరికం తగువైపోయింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ ఇంట్లో లేదా తగువు?

దీనికీ యాజమాన్యానికీ ఏం సంబంధం అంటారా? ఈ సినిమా తమిళంలోనూ అదే ఏడు వచ్చింది. తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. సావిత్రి రెండిట్లోనూ ఉంది. కథ ఒకటే, సెట్లు ఒకటే, మాటలు మారాయి. చందమామలో బొమ్మ ఒకటి, అక్షరాలు వేరు. ఇక్కడ సెట్టు ఒకటి, భాష వేరు. ఒకే ఇంటి వంట, రెండు విస్తళ్లు. పత్రికను ఒక సబ్జెక్టుగా, సినిమాను ఇంకో సబ్జెక్టుగా చదివితే ఇది దొరకదు.

ఇవాళ్టి సినిమా గురించి రాసేవాళ్లు గాంధీనగర్ వెళ్లండి, దూరం కూడా కాదు. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో అడిగితే నైజాం (అంటే తెలంగాణ), సీడెడ్ (అంటే రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని చెబుతారు. వాళ్ల లెక్కలో మనం ఉన్న చోటు ఒక ఏరియా, వారధి దాటితే ఇంకో ఏరియా. ఏ ఏరియా ఎవరు కొన్నారు, థియేటర్లు ఎవరి లీజులో ఉన్నాయి అని అడగండి. టీ ఇస్తారు, లెక్కలు ఇవ్వరు. ఇవ్వలేదని కూడా ప్రాజెక్టులో రాయండి.

ప్రశ్నలుంటే అడగండి. ఈలోపు ఈ చందమామ ముందు వరస నుంచి వెనక్కి పంపుతున్నాను. కుట్లు ఊడిపోయి ఉన్నాయి, మధ్య పేజీలు జారతాయి, కాస్త మెల్లగా తిప్పండమ్మా.